మడమ నరం గురించి నువ్వడిగావు

డ్యామ్ హాస్టల్,
11 జూన్ 2024

మౌనశ్రీ వదినకు,

ఇక్కడ ఫోన్లు వార్డెన్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆదివారం ఐదు నిమిషాలు ఇస్తారు, అదీ ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడాలి. అందుకే రాస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి తప్పులుంటే నవ్వుకో, కానీ ఇంట్లో ఎవరికీ చదివి వినిపించకు.

నా కుడి కాలి మడమ వెనక, నరం ఎముకకు అతుక్కునే చోట నొప్పి. పొద్దున లేచి మొదటి పది అడుగులు కుంటుతాను. తర్వాత తగ్గుతుంది. పడవలో కూర్చుంటే మళ్లీ మొదలు. మా పడవ నువ్వు చూడలేదు కదా, కయాక్ అంటారు. మనిషి నడుము కంటే కాస్త వెడల్పు, అంతే. లోపల కాళ్లు చాపి కూర్చుని, ముందున్న చెక్కను పాదాలతో నెడుతూ తెడ్డు వేయాలి. చూసేవాళ్లు చేతుల ఆట అనుకుంటారు. సగం బలం పాదాలదే. పొద్దున ఆరు కిలోమీటర్లు, సాయంత్రం ఆరు. మధ్యలో డ్యామ్ గట్టు ఎక్కుతూ పరుగు.

జూలై ఆఖరులో ఎంపిక. జాతీయ పోటీలకు మా హాస్టల్ నుంచి అమ్మాయిల సింగిల్ పడవకు ఒక్కరే వెళ్తారు. నేను, లేకపోతే విద్య. విద్యది మన జిల్లానే, నిర్ణా ఊరు. ఇద్దరం ఒకే రోజు బీదర్‌లో బస్సెక్కాం, ఒకే గదిలో ఉంటాం. మిగిలినవాళ్లు మా దరిదాపుల్లో లేరు. ఎంపికైన వాళ్లకు ఇక్కడ ఇంకో మూడేళ్లు. కానివాళ్లు ఇంటికి.

కోచ్‌కు తెలిస్తే పక్కన కూర్చోబెడతాడు. నువ్వే చెప్పాలి. ఏం చేస్తే తగ్గుతుందో రాయి. ఏం చేస్తే ముదురుతుందో అది కూడా వివరంగా రాయి, జాగ్రత్తపడతాను.

అమ్మకు చెప్పకు.

నీ అర్చిత


బీదర్,
16 జూన్ 2024

అర్చితా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏడు తప్పులున్నాయి. నవ్వలేదు, ఎర్ర సిరాతో దిద్ది దాచుకున్నాను.

భయపడకు. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ మా పుస్తకంలో ఉన్నవే. పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు అది. జనం నరం అంటారు, అలాగే అందాం. కొంచెం కొంచెంగా బరువు పెంచితే అది గట్టిపడుతుంది. ఒక్కసారిగా పెంచితే అతుకు దగ్గర పోగులు చెడతాయి. నీకు జరిగింది ఇదే అనుకుంటున్నాను. ఈ నెలలో పరుగు పెంచారా?

ముందు గట్టు పరుగు మానేయి. పడవ పూర్తిగా మానక్కర్లేదు, దూరం సగం చెయ్యి. చదును నేల మీద నిలబడి, గోడ పట్టుకుని రెండు మడమలూ పైకి లేపి ముప్పై లెక్కపెట్టేదాకా అలాగే ఉండు. రోజుకు ఐదుసార్లు. వారం తర్వాత నెమ్మదిగా ఒంటికాలి మీద. పడవలో పాదం ఆనించే చెక్క మరీ దగ్గరగా ఉంటే మోకాలు లేచి, పాదం నీ వైపు వంగి, నరం లాగుతుంది. దాన్ని రెండు వేళ్లు దూరం జరుపు. ఒడ్డున రాళ్ల మీద పడవ మోసేటప్పుడు మడమ ఎత్తున్న చెప్పులు వేసుకో.

ఇప్పుడు వద్దన్నవి. ఇది బాగా చదువు. మెట్టు అంచున వేళ్ల మీద నిలబడి మడమను కిందికి దించకు. చాలామంది అదే మంచి వ్యాయామం అంటారు, నరం మధ్యలో నొప్పి ఉన్నవాళ్లకు మంచిదే, కానీ నీది ఎముక దగ్గర. అక్కడ నలిగిపోతుంది. గోడకు ఆని బలంగా సాగదీయకు. వేళ్లతో గట్టిగా రుద్దించుకోకు. వట్టి కాళ్లతో గట్టు ఎక్కకు. నొప్పి మాత్ర మింగి పడవెక్కకు, నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు.

నేను రాస్తుంటే మామ గంజ్ నుంచి వచ్చాడు. రోజంతా కంది బస్తాలు మోసిన మనిషి, నడుం పట్టుకునే గడప దాటాడు. "ఏందే డాక్టరమ్మా, కాయితం మీద కాయితం రాస్తున్నవ్? ఎవనికన్న లగ్గం చీటీనా?" అన్నాడు. పరీక్షకు నోట్సు అని అబద్ధం చెప్పాను. మేనకోడలినని ఇంట్లో పెట్టుకుని చదివిస్తున్న మామకు, నీ కోసం చెప్పిన మొదటి అబద్ధం.

నీకు రాసే ప్రతి ఉత్తరం ముందు నోటుబుక్కులో రాసి, దిద్ది, తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను. నువ్వు నా మొదటి రోగివి కదా.

నీ వదిన,
మౌనశ్రీ


డ్యామ్ హాస్టల్,
2 జూలై 2024

వదినా,

ఉత్తరం చాలా పనికొచ్చింది. ఇంత వివరంగా రాస్తావనుకోలేదు.

విద్య నా పక్కనే కూర్చుంటుంది. నీ ఉత్తరం వచ్చిన రోజు కవరు కళ్లకద్దుకుని నాకిచ్చింది. దానికి తెలుగు మాట కొంచెం తెలుసు, అక్షరం రాదు. ఇంట్లో కన్నడం, బళ్లో కన్నడం. "మీ డాక్టర్ వదిన ఏం రాసిందో నాకూ చదివి చెప్పవే, నేనూ నేర్చుకుంటా" అంటుంది. కన్నడంలో చెబుతుంటాను. నువ్వంటే దానికి చాలా గౌరవం. వాళ్ల ఊళ్లో ఆడపిల్ల డాక్టర్ కావడం చూడలేదట.

రెండు అనుమానాలు. నువ్వు వద్దన్నవన్నీ ఎవరైనా రోజూ చేస్తే, నరం తెగడానికి ఎన్ని రోజులు పడుతుంది? తెగేముందు ఏమైనా తెలుస్తుందా? ఇంకోటి, ఇక్కడ టౌన్‌లో ఒకాయన మడమలో ఇంజక్షన్ ఇస్తాడు, మర్నాటికి నొప్పి మాయం అంటున్నారు. నిజమేనా?

తొందరగా రాయి. ఎంపిక 27న.

అర్చిత


బీదర్,
7 జూలై 2024

అర్చితా,

నీ ప్రశ్న చూసి నాకు నిద్ర పట్టలేదు. "తెగడానికి ఎన్ని రోజులు" అని అడిగే రోగి తెగేదాకా లాగుదామనుకుంటున్నదని మా సార్ అన్నారు. అవును, ఆయనకు చూపించాను, నీ పేరు చెప్పలేదు. ఇన్ని రోజులని లెక్క ఉండదు. నొప్పి అలాగే ఉండి ఆటా అలాగే సాగితే ఒకరికి ఏళ్లు గడుస్తాయి, ఒకరికి ఒక్క పరుగు చాలు. ఇంజక్షన్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఆ మందు నరం దగ్గర పడితే నొప్పి పోతుంది, నరం మెత్తబడుతుంది. నొప్పి లేదు కదా అని పూర్తి బలంతో తంతావు. అప్పుడే తెగుతుంది. ఇంజక్షన్ వద్దన్న వాక్యం కింద గీత గీశాను చూడు.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం నీ ఫోన్ అయ్యాక, ఉండబట్టలేక అత్తను అడిగాను, అర్చిత కాళ్ల గురించి ఏమైనా అన్నదా అని. "కాళ్లా? కాళ్లకేమైంది? దుడ్డుకర్ర లెక్క ఉన్నయ్ అన్నది. జొన్నరొట్టె తినబుద్ధయితాందన్నది" అంది. అమ్మ దగ్గర ఎంత బాగా దాస్తున్నావే! కానీ నా మొహం చూసి అత్తకు అనుమానం వచ్చింది. బుధవారం నరసింహ ఝరణికి పోయి, గుహలో రొమ్ములోతు నీళ్లలో నడిచి నీ పేరు మీద మొక్కుకుని వచ్చింది. "నీళ్లల్ల ఆడే పిల్ల గదా, నీళ్లల్లనే మొక్కిన" అంది. తడిచీరతోనే వంట చేసింది, జలుబు చేసింది.

నా పాత చెప్పుల మెత్తను కోసి, గుడ్డ కుట్టి, మడమ కింద పెట్టుకునే మెత్తలు రెండు పంపుతున్నాను. ఒకటి కొంచెం పెద్దదైంది, సర్దుకో.

విద్యకు నేనింకా డాక్టర్‌ను కాదని, ఫిజియోథెరపీ మూడో ఏడాది మాత్రమేనని చెప్పు. పోనీలే, చెప్పకు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. ఎవరో నిర్ణా అమ్మాయి ఎక్కడో కూర్చుని నన్ను డాక్టర్ అంటున్నదంటే వినడానికి బాగుంది.

ఆ అమ్మాయికి కూడా ఇవన్నీ చెబుతున్నావంటే సంతోషం. పోటీ పోటీయే, మనిషి మనిషే.

మౌనశ్రీ


డ్యామ్ హాస్టల్,
29 జూలై 2024

వదినా,

నేను ఎంపికయ్యాను.

అయిదు వందల మీటర్లు. మొదటి రెండు వందలు విద్యే ముందు. ముందురోజు దాకా కుంటిన మనిషి ఆ రోజు ఎగురుకుంటూ వచ్చింది. శుక్రవారం టౌన్‌కు పోయి ఇంజక్షన్ చేయించుకుంది. సగం దగ్గర చెక్కను గట్టిగా తన్నింది కాబోలు, టపాకాయ పేలినట్టు చప్పుడైందని పక్క పడవ అమ్మాయి చెప్పింది. నాకు వినబడలేదు. నేను అప్పుడు తెడ్లు లెక్కపెట్టుకుంటున్నాను. పడవ బోర్లాపడింది. బయటికి తీసేసరికి పాదం వేలాడుతోంది. నన్నే పిలిచింది. కోచ్ నన్ను దిగనివ్వలేదు, మంచిదే అయింది, ఒళ్లు చల్లబడితే సాయంత్రం రెండో పందెం పోయేది.

వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడు. దాని మంచం ఖాళీ అయింది. ఇప్పుడు కిటికీ వైపు నేను పడుకుంటున్నాను.

నాన్నకు చెప్పు, గంజ్‌లో అందరికీ పేడాలు పంచమను. నీ మెత్తలు బాగున్నాయి.

అర్చిత


బీదర్,
3 ఆగస్టు 2024

అర్చితా,

మామ గంజ్ మొత్తం పేడాలు పంచాడు. కాశప్ప అనే తోటి హమాలీ "నీ బిడ్డ నీళ్ల మీద ఉరుకుతాందట గదా శంకరప్పా, నువ్వు నేల మీదనే కూలబడ్తవ్" అంటే మామ మొదటిసారి కోపం లేకుండా నవ్వాడట. ఇంటికొచ్చి అందరి ముందూ నా తల మీద చెయ్యి పెట్టి, "నా బిడ్డ కాలు బాగు జేసింది ఈమెనే" అన్నాడు. ఎలా తెలిసిందో మరి, నువ్వే ఫోన్‌లో చెప్పినట్టున్నావు. ఇప్పుడు దాచాల్సిన అవసరం లేదనుకుంటాను.

సంతోషంగా ఉండాలి. ఉన్నాను కూడా. కానీ నీ ఉత్తరంలో నీ కాలి సంగతి ఒక్క మాట లేదు. అంత నొప్పి ఉన్న కాలు ఎంపిక రోజు ఎలా ఉంది? విద్యకు నొప్పి ఎప్పుడు మొదలైంది? నువ్వు ఒక్కసారీ రాయలేదు. నా ఉత్తరాలు వింటున్న అమ్మాయి, గీత గీసి మరీ వద్దన్న ఇంజక్షన్ ఎందుకు చేయించుకుంది?

నాకేదో అర్థం కావడం లేదు. అర్థం కాకూడదని కూడా ఉంది. కోప్పడను, నిజం రాయి.

వదిన


డ్యామ్ హాస్టల్,
12 ఆగస్టు 2024

వదినా,

చదువుకున్నదానివి, ఇంత ఆలస్యంగా అర్థమైందా?

నా కాళ్లకు ఏ రోజూ నొప్పి లేదు. నొప్పి విద్యది. మే నెల నుంచి ఉంది. నాకొక్కదానికే చెప్పింది, ఒట్టు వేయించుకుంది. మా వదిన డాక్టర్, అడుగుతానన్నాను. నువ్వు రాశావు. నేను చదివి వినిపించాను. నువ్వు చెయ్యమన్నవి వద్దని చెప్పాను, వద్దన్నవి చెయ్యమన్నాను. అంతే. పొద్దున చీకటితోనే లేచి హాస్టల్ మెట్టు అంచున నిలబడి మడమ దించేది. ఏడుస్తూ దించేది. "మీ వదిన ఎన్నిసార్లని రాసింది?" అని అడిగేది. అరవై అన్నాను. వట్టి కాళ్లతో గట్టెక్కేది. ఇంజక్షన్‌కు భయపడితే నీ ఉత్తరం తెరిచి, గీత గీసిన వాక్యం మీద దాని వేలు పెట్టించి చూపించాను. "ఇంత ముఖ్యమని గీత గీసింది చూడు" అన్నాను. వెళ్లింది.

నేను దాన్ని తొయ్యలేదు, కొట్టలేదు. అడిగితే చదివి చెప్పాను.

దానికి నిర్ణాలో ఎనిమిదెకరాలు, రెండు బోర్లు. ఇంటికి పోతే మంచం వేసి కూర్చోబెడతారు. నేను ఇంటికి వస్తే ఏముంది? పప్పు మిల్లులో చేట పట్టుకుని కూర్చోవడం. అది నీకు తెలుసు, నువ్వు ఆ ఇంట్లోనే అన్నం తింటున్నావు. ఎవరికి చెబుతావు? మా నాన్నకా? ఆయన చెయ్యి నీ తల మీద పెట్టిన సంగతి నువ్వే రాశావు.

పైగా నువ్వే అన్నావు, నేను నీ మొదటి రోగినని. కాదు. అది.

అర్చిత


బీదర్,
22 సెప్టెంబర్ 2024

అర్చితకు,

నలభై రోజులు నీకు రాయలేకపోయాను. కలం పట్టుకుంటే, ఆ గీత గీసిన చెయ్యి నాదేనని గుర్తొచ్చేది.

ఎవరికి చెబుతావన్నావు, చెప్పాను. మీ కోచ్ నంబర్ పట్టుకుని ఫోన్ చేశాను. అంతా విని, "ఆ సలహాలు రాసింది ఎవరు?" అన్నాడు. నేనే అన్నాను. "మీరు డాక్టరా?" కాదన్నాను. "మరి మీరు రాసింది మా అమ్మాయిలు విని ఒకరి కాలు పోయిందంటారు. ఆ మాట పెద్దగా అనకండి, మీకే మంచిది కాదు" అని పెట్టేశాడు.

మామకు చెప్పాను. అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "ఆ పిల్లకు పొలమున్నది. నా బిడ్డకు ఏమున్నది, నా ఇరిగిన నడుమా? నా ఇంట్ల తిని నా బిడ్డ మీద చాడీలు జెప్తవా?" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచి, నేను ముందు పెట్టిన నీ ఒప్పుకోలు ఉత్తరం కవరుతో సహా పొయ్యిలో వేశాడు. మర్నాడు అత్త నా పళ్లెం తోమి, విడిగా నా పెట్టె మీద బోర్లించింది. ఇప్పుడు క్లాసులో నా పక్కన కూర్చునే పింకి గదిలో ఉంటున్నాను. ఇది నీకు బాధ కలిగిస్తుందని రాయడం లేదు.

నిన్న నిర్ణా పోయాను. బస్సు దిగి అడిగితే ఇల్లు చూపించారు. గుమ్మం ముందు రాతి మెట్టు ఉంది. విద్య దాని అంచున, గోడ పట్టుకుని, వేళ్ల మీద నిలబడి ఉంది. మడమ కిందికి దించుతోంది. కట్టు విప్పి వారమైందట. ఆస్పత్రిలో "నెమ్మదిగా వ్యాయామం చెయ్యి" అని పంపించారట. ఏ వ్యాయామమో చెప్పలేదు. తనకు తెలిసింది ఒకటే కదా. పిక్క సన్నబడి కర్రలా ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, లెక్క మాత్రం ఆపడం లేదు. నలభై ఒకటి, నలభై రెండు.

నేనెవరో చెప్పగానే కాళ్లకు మొక్కబోయింది. వాళ్లమ్మ రాచమ్మ లోపలికి ఉరికి పాలు తెచ్చింది. "మీరు చెప్పినట్టే చేస్తున్నా డాక్టర్, ఒక్క రోజూ మానలేదు" అంది విద్య.

అక్కడే, ఆ మెట్టు మీదే కూర్చుని అంతా చెప్పాను. నమ్మలేదు. నోటుబుక్కు తీసి, నేను రాసినవి ఒక్కో వాక్యం కన్నడంలో చదివాను. మెట్టు వద్దు. గట్టు వద్దు. ఇంజక్షన్ వద్దు. ఆ అమ్మాయి నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పి చూసింది. తర్వాత అంది, "అర్చిత చదివింది కవరులో వచ్చిన కాగితం. మీరు చదువుతున్నది మీ బుక్కు. ఇది నిన్న కూర్చుని రాసిందో ఏమో నాకెట్ల తెలియాలి? నా కాలు పోయినాక వచ్చి, మీ మరదలి మీద వేస్తున్నారు. అది నాతో రెండేళ్లు ఒకే గదిలో ఉంది. మిమ్మల్ని ఈ రోజే చూస్తున్నా."

వాళ్ల నాన్న నవనాథ్ గుమ్మంలోకి వచ్చాడు. "తప్పు మందిచ్చిన డాక్టర్లు అందరూ ఇట్లనే చెప్తరు" అన్నాడు. మా సార్ దగ్గరికి రమ్మన్నాను, బస్సు ఖర్చులు నేనే పెట్టుకుంటానన్నాను. "మీరు చూపించిన దారిలో ఇంకో అడుగు వెయ్యం" అన్నాడు. పాలు అలాగే ఉన్నాయి. నేను వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూశాను. విద్య మళ్లీ మెట్టెక్కింది.

నరం ఇప్పుడు సగమే అతుక్కుని ఉంటుంది. ఇంకో నెల ఇలాగే దించితే మళ్లీ తెగుతుంది. ఈసారి తెగితే ఆ కాలు పొలం గట్టు కూడా ఎక్కదు.

నీ పడవ నువ్వే ఉంచుకో. కోచ్‌కు ఇంక ఫోన్ చెయ్యను. ఎవరికీ ఏమీ చెప్పను, నరసింహస్వామి మీద ఒట్టు. నేను సలహాలు రాసిన ఉత్తరాలు రెండూ వెనక్కి పంపు. పోస్టు ముద్రలున్న కవర్లతో సహా పంపు. అవి తీసుకుపోయి, తెలుగు వచ్చిన ఎవరితోనైనా వాళ్లే చదివించుకునేలా చేస్తాను. లేకపోతే నువ్వే విద్యకు కన్నడంలో ఒక్క వాక్యం రాయి, మెట్టు దిగమని. కారణం కూడా రాయక్కర్లేదు. నీ మాట వింటుంది.

నీకు అక్షరాలు నేర్పినదాన్ని, అడుక్కుంటున్నాను.

మౌనశ్రీ


డ్యామ్ హాస్టల్,
1 అక్టోబర్ 2024

వదినా,

విద్యకు ఏమీ రాయను. నీకు రాసింది నాన్న కాల్చేశాడు, కానీ విద్యకు కన్నడంలో ఒక్క వాక్యం రాసినా అది దానికి తెలిసిన నా చేతిరాత అవుతుంది. రాసిన కాగితం ఎవరి పీకకు చుట్టుకుంటుందో నిన్ను చూసి నేర్చుకున్నాను.

ఉత్తరాలు పంపలేను. పారేశానని అబద్ధం చెప్పొచ్చు, చెప్పను. నా దిండు కింద ఉన్నాయి. ఇప్పుడు రోజుకు పద్దెనిమిది కిలోమీటర్లు వేయిస్తున్నారు. జాతీయ పోటీల శిబిరానికి నాలుగు రాష్ట్రాల అమ్మాయిలు వచ్చారు, ముగ్గురికి మడమ నొప్పి, ఒకరికి పాదం మీద. నేను చెక్కను రెండు వేళ్లు దూరం జరిపాను. చదును నేల మీద నిలబడి ముప్పై లెక్కపెడతాను, ఐదుసార్లు. పడవ మోసేటప్పుడు చెప్పుల్లో నీ మెత్తలు పెట్టుకుంటాను, పెద్దదాన్ని కొంచెం కత్తిరించాను. గట్టు పరుగు ఉన్న రోజు కడుపునొప్పి అని చెబుతాను. మరిచిపోకుండా వారానికోసారి మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటాను.

చాలా మంచి సలహాలు వదినా. ఇంతవరకూ ఒక్క రోజు కూడా నొప్పి రాలేదు.

అర్చిత